లావా తాకిన బొగ్గుని గుర్తుపట్టడం ఎలా

"అగ్నిపర్వతం బద్దలైంది, లావా పారింది, కింద ఉన్న బొగ్గంతా తగలబడిపోయింది" అని ఎవరైనా చెప్తే సగం కూడా నమ్మకండి. జియాలజీ మొదటి ఏడాదిలో నేనూ అలాగే అనుకున్నా, వైవాలో అదే చెప్పి నవ్వులపాలయ్యా కూడా. బొగ్గు తగలబడాలంటే గాలి కావాలి. వందల మీటర్ల లోతున రాళ్ల మధ్య నొక్కుకుపోయి ఉన్న బొగ్గుకి గాలి ఎక్కడిది? అక్కడ జరిగేది కాలడం కాదు, మూతపెట్టి ఉడికించడం. మన ఊళ్లలో సర్కారు తుమ్మ కట్టెలు పేర్చి, పైన గడ్డీ మట్టీ కప్పి, గాలి ఆడకుండా చేసి బొగ్గుల బట్టీ పెడతారు చూడండి, అచ్చం అదే పని. కట్టె బూడిదవ్వదు. తడి, పొగ, తారు అన్నీ బయటికి పోయి నల్లటి బొగ్గు మిగులుతుంది. మాగ్మా, అంటే భూమి లోపలే ఉన్న కరిగిన రాయి, పక్కన ఉన్న నేలబొగ్గు సంగతీ అంతే, లోపలి గ్యాసులూ తారూ పోయాక మిగిలింది స్టీల్ ప్లాంట్లలో వాడే కోక్‌లా గట్టిపడుతుంది.

ఇదే పని భూమి పైన జరుగుతుంటే చూడాలంటే 2018లో హవాయి దీవిలో కిలావుయా విస్ఫోటనం అప్పటి వీడియోలు వెతకండి. ఇళ్ల మధ్య రోడ్డు పగుళ్లలోంచి నీలం మంటలు వస్తుంటాయి. లావా కింద చెట్లూ గడ్డీ కప్పబడిపోయి, గాలి లేకుండా ఉడికి, మీథేన్ వదిలాయి, అది పగుళ్లలోంచి పైకి వచ్చి గాలి తగలగానే అంటుకుంది. కింద ఉడకడం, పైన మండడం. ఈ రెండూ వేరని బుర్రకెక్కితే మిగతాదంతా సులువు.

ధన్‌బాద్, రాణీగంజ్ వైపు ఫీల్డ్ ట్రిప్‌కి వెళ్లే మన పిల్లల కోసం ఇది రాస్తున్నా, ముఖ్యంగా సింగరేణి బొగ్గు చూస్తూ పెరిగినవాళ్ల కోసం. సింగరేణిది కరెంటు ప్లాంట్లకి, సిమెంటు ఫ్యాక్టరీలకి పోయే బొగ్గు, కోక్ కట్టే రకం కాదు. రామగుండం, కొత్తగూడెం బొగ్గుకి అలవాటుపడిన కళ్లతో ధన్‌బాద్ దగ్గరి ఝరియా గనులకి వెళ్లి, మాగ్మా ఉడికించిన బొగ్గు, అంటే ఝామా ముందు నిలబడితే అది బొగ్గో, రాయో, బట్టీలోంచి తీసిన చెత్తో అర్థం కాదు. నాకైతే కాలేదు.

ఝామా అనేది అక్కడి గనుల్లో వాడే మాట. బెంగాలీలో ఝామా అంటే బట్టీలో మరీ ఎక్కువ కాలిపోయి, నల్లబడి, బొడిపెలు కట్టిన ఇటుక, దాంతో మడమలు రుద్దుకుంటారు కూడా. మాగ్మా వేడికి ఉడికిపోయిన బొగ్గు అలాగే కనిపిస్తుంది కాబట్టి అదే పేరు పెట్టేశారు. పుస్తకాల్లో సహజ కోక్ అని రాస్తారుగానీ గనిలో ఆ మాట అంటే ఎవరూ తలెత్తి చూడరు, ఝామా అనండి.

మొదటి పని: మాగ్మా ఏ దారిన వచ్చిందో తేల్చుకోవడం

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. లావా అనగానే పైన పారింది అనుకుంటాం. పైన పారిన లావా కింద ఉన్న బొగ్గుని దాదాపు ఏమీ చెయ్యదు. దాని వేడిలో ఎక్కువ భాగం ఆకాశానికే పోతుంది. కిందికి దిగే కాస్త వేడీ మధ్యలో ఉన్న ఇసుకరాయినీ, మట్టినీ, వాటిలోని నీళ్లనీ కాచడానికే సరిపోతుంది. బొగ్గు మెత్తబడి మారడం మొదలవ్వాలంటే 350 డిగ్రీల పైన కావాలి, పదుల మీటర్ల రాయి దాటుకుని అంత వేడి కిందికి రాదు. మహారాష్ట్రలో వార్ధా లోయ బొగ్గు పైన కొన్ని చోట్ల దక్కన్ ట్రాప్ లావా పరుచుకుని ఉంది, కింద బొగ్గు మామూలు బొగ్గులాగే ఉంది, కరెంటు ప్లాంట్లకి పోతోంది. రాజమండ్రి దగ్గర కాతేరు వైపు, గోదావరి అవతల పంగిడి, గౌరీపట్నం వైపు నల్లరాయి క్వారీలు చూసే ఉంటారు, ఇళ్లకీ రోడ్లకీ కంకర అక్కడిదే. అదీ దక్కన్ కాలపు లావాయే, సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. పడమటి నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని చాలామంది జియాలజిస్టుల లెక్క. అంత దూరం పారిన లావా కూడా తన కింద నాలుగు మీటర్ల లోతున ఉన్న మట్టిని ఎర్రగా మాడ్చగలదేమో, నాలుగు వందల మీటర్ల లోతున ఉన్నదాన్ని తాకనైనా తాకదు.

ఒక్క మినహాయింపు ఉంది. లావా ఒక పొర మీద ఒకటి పడుతూ కిలోమీటరు, రెండు కిలోమీటర్ల మందం పేరుకుంటే, పశ్చిమ కనుమల్లో మహాబలేశ్వర్ వైపులాగా, ఆ బరువుకి కిందిదంతా లోతుకి పోయినట్టే. కిలోమీటరు లోతుకి సుమారు 25, 30 డిగ్రీలు పెరుగుతుంది. అది దుప్పటి కప్పిన వేడి, నిదానంగా, బొగ్గు పొర మొత్తానికీ ఒకేలా తగులుతుంది. ఝామా రాదు.

ఝామా చేసేది పైకి రాకుండా లోపలే దూరిన మాగ్మా. అది రెండు ఆకారాల్లో ఉంటుంది. పొరల్ని కోసుకుంటూ నిలువుగా లేచిన గోడలాంటిది డైక్. రెండు పరుపుల మధ్య దుప్పటి దూర్చినట్టు పొరల మధ్య పడుకున్నది సిల్. ఫీల్డ్‌లో ముందు ఈ రెండిట్లో ఏదో తేల్చండి, ఎందుకంటే నష్టం అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. డైక్ బొగ్గు పొరని ఒక గీతలాగా కోస్తుంది, అటు కొన్ని మీటర్లు, ఇటు కొన్ని మీటర్లు పాడవుతాయి, అవతల మళ్లీ మంచి బొగ్గే. సిల్ అలా కాదు. బొగ్గు పక్క రాళ్ల కన్నా మెత్తన, తేలిక, కాబట్టి మాగ్మాకి అదే సులువైన దారి, సరిగ్గా బొగ్గు పొర మధ్యలోకే దూరి ఎకరాలకి ఎకరాలు పరుచుకుంటుంది. అర మీటరు సిల్ కూడా పైనా కిందా కలిపి ఒక మంచి సీమ్‌ని, అంటే బొగ్గు పొరని ముంచేయగలదు. డైక్ చూసి భయపడి సిల్‌ని తేలిగ్గా తీసుకునేవాళ్లని చూశాను, తిరగేసి చూసుకోవాలి.

ఝరియా, రాణీగంజ్‌లో రెండు రకాల రాళ్లు కనిపిస్తాయి. ఒకటి డోలరైట్, నల్లగా, గట్టిగా, సుత్తితో కొడితే ఖంగుమంటుంది. రెండోది అభ్రకం ఎక్కువున్న లాంప్రోఫైర్ జాతి, పాత రిపోర్టుల్లో మైకా పెరిడోటైట్ అని ఉంటుంది. ఇది సన్నటి డైకులుగా, సిల్లులుగా వంకర్లు తిరుగుతూ సీమ్‌లోకి దూరుతుంది, ఝరియా ఝామాలో పెద్ద వాటా దీనిదే. ఇది రాజ్‌మహల్ లావాల కాలానికి దగ్గరది, అంటే సుమారు 11, 12 కోట్ల ఏళ్ల కిందటి సంగతి. రాణీగంజ్‌లో సాల్మా డైక్ అని పేరున్న పెద్ద డోలరైట్ డైక్ ఉంది, అది దక్కన్ కాలానిది. బొగ్గేమో పెర్మియన్ కాలంది, 25 కోట్ల ఏళ్ల పైమాటే. అంటే మాగ్మా వచ్చేసరికే అది పూర్తిగా బొగ్గయిపోయి ఉంది. ఈ వరస తప్పుగా రాస్తే మార్కులు పోతాయి.

రెండో పని: టేపు తీసి మందం కొలవడం

డైక్ మందం తెలిస్తే మీ పని సగం అయిపోయినట్టే. కొలిచేటప్పుడు గోడకి అడ్డంగా, లంబంగా కొలవండి. డైక్ ఏటవాలుగా కోసుకుని కనబడితే మందం ఎక్కువ అనిపించి మోసపోతాం.

మాగ్మా గట్టిపడటానికి పట్టే టైముకి ఒక పాత మోటు లెక్క ఉంది: మందాన్ని మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, వందతో భాగిస్తే ఏళ్లు వస్తాయి. మీటరు డైక్ అయితే ఏడాదిలో వందో వంతు, అంటే మూడు నాలుగు రోజులు. 4 మీటర్లది రెండు నెలలు. 10 మీటర్లది ఒక ఏడాది. 100 మీటర్లదయితే వందేళ్లు. మందం పది రెట్లు పెరిగితే టైము వంద రెట్లు పెరుగుతుందన్నమాట. సన్న డైకు పక్కన బొగ్గు పెద్దగా మారకపోవడానికీ, లావు సిల్ కింద సీమంతా పోవడానికీ కారణం ఇదే.

ఇక వేడి ఎంత దూరం పోతుందంటే, మామూలు రాళ్లలో మొదటి ఏడాదిలో ఐదారు మీటర్లు, పదేళ్లయ్యేసరికి మొత్తం 17 మీటర్లు, వందేళ్లయ్యేసరికి మొత్తం 55 మీటర్లు పాకుతుంది. మొదట్లో ఉన్న ఊపు తర్వాత ఉండదు. పైగా బొగ్గు వేడిని మహా చెడ్డగా మోస్తుంది, ఇసుకరాయితో పోలిస్తే సుమారు పదో వంతే. బొగ్గు తనని తనే కాపాడుకుంటుంది అనొచ్చు. 1100 డిగ్రీల పైనున్న బసాల్టు రకం మాగ్మా వచ్చి చల్లటి రాయిని తాకితే, ఆ అంచు దగ్గర వేడి రెండింటికీ మధ్యలో, 600, 700 డిగ్రీల దగ్గర స్థిరపడుతుంది. లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది.

వీటన్నిటినీ కలిపి ఫీల్డ్‌లో వాడుకునే లెక్క చాలా సింపుల్: డైక్ మందం ఎంతో, దానికి ఒకటి నుంచి రెండు రెట్ల దూరం దాకా బొగ్గు మారి ఉంటుంది, రెండు వైపులా. 4 మీటర్ల డైక్ కనబడితే అటు 4 నుంచి 8, ఇటు 4 నుంచి 8 మీటర్లు అనుమానంగా చూడండి. లెక్క కన్నా చాలా ఎక్కువ దూరం మారి ఉందా? అయితే ఎక్కడో పక్కనో కిందో మీకు కనబడని సిల్ ఉండొచ్చు, లేదా ఆ డైక్‌లోంచి మాగ్మా ఒకసారి వచ్చి ఆగిపోకుండా చాన్నాళ్లు పారి ఉండొచ్చు, లేదా వేడినీళ్లు పగుళ్ల వెంట పోయి ఉండొచ్చు. లెక్కకి సరిపోనప్పుడే అసలు కథ ఉంటుంది, అక్కడ ఇంకో గంట ఎక్కువ కూర్చోండి.

మూడో పని: దూరం నుంచి డైక్ దగ్గరికి నడవడం

ఎప్పుడూ మంచి బొగ్గు వైపు నుంచి మొదలుపెట్టి డైక్ వైపు నడవండి. ముందు ఝామా చూసేస్తే కళ్లు దానికే అలవాటుపడి మధ్యలో వచ్చే చిన్న మార్పులు పట్టుకోలేరు.

మొదట మామూలు ఝరియా బొగ్గు: మెరిసే చారలు, మెరవని చారలు అడ్డంగా, చేతితో విరిస్తే చిన్న చిన్న పలకలుగా ముక్కలయ్యేది, వేళ్లకి మసి అంటేది. డైక్ వైపు నాలుగడుగులు వేశాక ముందు మారేది మెరుపు. నూనె రాసినట్టున్న నిగనిగ పోయి లోహంలాంటి బూడిద మెరుపు వస్తుంది. చారలు ఇంకా కనబడుతుంటాయి. ఇంకాస్త దగ్గరికెళ్తే చారలు కలిసిపోతాయి, బొగ్గు చేతిలో గట్టిగా తగులుతుంది, వేళ్లకి మసి సరిగ్గా అంటదు. ఆ తర్వాత ఝామా. బూడిద నలుపు, గరుకు, లెన్సు పెట్టి చూస్తే సూది మొన అంత బొక్కలు, చపాతీ కాలేటప్పుడు పొంగి ఆగిపోయిన బుడగల్లాగా. 350 నుంచి 500 డిగ్రీల మధ్య ఈ రకం బొగ్గు జావలా మెత్తబడుతుంది, లోపలి గ్యాసు బుడగలు కట్టి బయటికి పోతుంది, ఆపైన మళ్లీ గట్టిపడుతుంది, ఆ బుడగల గుర్తులే ఇవి. అయితే స్టీల్ ప్లాంట్ కోక్ అంత బొక్కలు బొక్కలుగా ఉండదు, పైన ఉన్న రాళ్ల బరువు బుడగల్ని పెద్దవి కానివ్వదు కాబట్టి ఇది బాగా దట్టంగా ఉంటుంది.

డైక్ అంచుకి ఆనుకుని ఉన్న చోట ఒక చూడదగ్గ విషయం ఉంటుంది. ఝామా సన్నటి కడ్డీలుగా, ఐదారు పలకల పెన్సిళ్లు కట్టగా పేర్చినట్టు చీలి ఉంటుంది. వేడికి కుంచించుకుపోయి పగిలిన గుర్తు అది, ఎండిన చెరువులో బురద పెచ్చులుగా విడిపోయినట్టే. ఈ కడ్డీలు ఎప్పుడూ మాగ్మా అంచుకి లంబంగా ఉంటాయి. డైక్ నిలువుగా ఉంటే కడ్డీలు అడ్డంగా పడుకుంటాయి, సిల్ అయితే కడ్డీలు నిలబడతాయి. మాగ్మా రాయి మట్టిలో కప్పబడిపోయి కనబడకపోయినా, కడ్డీల దిక్కు చూస్తే అది ఏ వైపు ఉందో చెప్పేయొచ్చు. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ట్రిక్ ఇది.

కోక్ కట్టని రకం బొగ్గులో, లిగ్నైట్‌లో ఇలాంటి బుడగలు వెతక్కండి. అవి మెత్తబడవు, గ్యాసు వదిలేసి కుంచించుకుపోయి పగుళ్లిస్తాయి, అంతే.

డైక్ రాయినీ వదలకండి. నల్లటి రాయి ఉంటుందనుకుని వెళ్తే, బొగ్గులోకి దూరిన చోట అది తెల్లగా, పసుపు తిరిగి, గోటితో గీకితే రాలేంత మెత్తగా ఉండొచ్చు. బొగ్గులోంచి వచ్చిన కార్బన్ డయాక్సైడూ నీళ్లూ ఆ రాయిలోని ఖనిజాల్ని తినేసి కార్బొనేట్లుగా, తెల్ల బంకమట్టిగా మార్చేస్తాయి. మాగ్మా బొగ్గుని ఉడికిస్తే, బొగ్గు మాగ్మా రాయిని నానబెట్టేసింది. లాంప్రోఫైర్ అయితే ఇలా పాడైపోయాక కూడా కంచు రంగు అభ్రకం రేకులు మిగిలి ఉంటాయి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూడండి. ఇది తెలియక తెల్ల డైక్‌ని మట్టి పొర అని నోట్ బుక్‌లో రాసుకుని వెళ్లిపోయేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

నిప్పుతో కాలిన బొగ్గుకీ దీనికీ తేడా

ఝరియాలో ఈ గొడవ తప్పదు. అక్కడి గని మంటలు 1916లో మొదటిసారి నమోదయ్యాయి, ఇప్పటికీ కొన్ని చోట్ల నేలలోంచి పొగ వస్తూనే ఉంటుంది. ఆ మంటలకీ అగ్నిపర్వతాలకీ ఏ సంబంధమూ లేదు. గని తవ్వకంతో లోపలికి గాలి పోయి బొగ్గు తనంతట తనే వేడెక్కి అంటుకున్నవి. కానీ అలా కాలిన చోట పైరాయి కరిగి, బుడగలు కట్టి, అచ్చం లావాలా కనబడే గట్టి ముద్ద అవుతుంది. దాన్ని చూసి లావా దొరికిందని గంతులేసిన సీనియర్ ఒకడు నాకు తెలుసు, పేరు చెప్పను, ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు.

చూడాల్సింది రంగు. గాలి తగిలి కాలిన చోట పైరాళ్లలోని ఇనుము ఇటుక రంగులోకి, ఎర్రగా మారుతుంది, కింద బొగ్గు స్థానంలో బూడిద. మాగ్మా ఉడికించిన చోట గాలి లేదు కాబట్టి పక్కరాయి ఎర్రబడకుండా గట్టిపడుతుంది, కింద బొగ్గు పోకుండా ఝామాగా ఉంటుంది, పక్కనే డైకో సిల్లో ఉంటుంది. ఒక్క గుర్తు చూసి తీర్పు ఇవ్వకండి, మూడూ కలిస్తేనే రాసుకోండి. పొగ వచ్చే చోటికి, నేల వెచ్చగా తగిలే చోటికి మాత్రం శాంపిల్ కోసం అడుగు పెట్టొద్దు, కింద కాలిపోయి డొల్లగా ఉంటుంది, కుంగిపోతుంది. పర్మిషన్, హెల్మెట్, తోడుగా గని మనిషి, ఈ మూడూ లేకపోతే బయటి నుంచే చూసి వచ్చేయండి.

నాలుగో పని: శాంపిల్, ల్యాబ్, ఒక బోల్తా

డైక్ అంచు నుంచి మొదలుపెట్టి, మొదటి మీటరులో అడుగుకొకటి, ఆ తర్వాత మీటరుకొకటి, చివరికి మంచి బొగ్గులోంచి ఒకటి రెండు. ఒకే పొర ఎత్తులోంచి తీయండి. పైన ఒకటి కింద ఒకటి తీస్తే మార్పు వేడి వల్ల వచ్చిందో పొర వల్ల వచ్చిందో తెలియదు. కవరు మీద నంబరు కాదు, అంచు నుంచి దూరం రాయండి. గ్రాఫ్ గీసేటప్పుడు ఆ దూరాన్ని డైక్ మందంతో భాగించి గీస్తే రెండు వేర్వేరు డైకుల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

ల్యాబ్‌లో చూడాల్సింది ముందు వోలటైల్ మ్యాటర్, అంటే వేడి చేస్తే గ్యాసుగా పోయే భాగం. గ్రాము పొడిని మూతపెట్టిన గిన్నెలో 900 డిగ్రీల దగ్గర 7 నిమిషాలు ఉంచి, ఎంత బరువు తగ్గిందో చూసి, అందులో తేమని తీసేస్తారు. డైక్ దగ్గరికి వచ్చేకొద్దీ ఇది పడిపోవాలి, ఆల్రెడీ ఒకసారి ఉడికి గ్యాసంతా వదిలేసిన బొగ్గు కదా. యాష్, అంటే కాలాక మిగిలే బూడిద, పెరుగుతుంది. పగుళ్లలో కొత్త ఖనిజాలు చేరతాయి కాబట్టి, పైగా బొగ్గు భాగం తగ్గింది కాబట్టి.

నా ప్రాజెక్టులో ఏమైందంటే, గ్రాఫ్ చక్కగా కిందికి దిగుతూ వచ్చి సరిగ్గా డైక్ అంచు దగ్గర మళ్లీ పైకి లేచింది. ఝామాలో మంచి బొగ్గు కన్నా ఎక్కువ వోలటైల్! ల్యాబ్‌వాళ్లు కవర్లు తారుమారు చేశారని తేల్చేసి, ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. అవతలి పెద్దాయన ఏమీ అనకుండా, "బాబూ, ఆ పొడి మీద రెండు చుక్కలు యాసిడ్ వేసి చూడు" అన్నారు. పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేస్తే సోడా సీసా మూత తీసినట్టు బుసబుసా పొంగింది. పగుళ్ల నిండా కాల్‌సైట్, అంటే సున్నపురాయిలో ఉండే కార్బొనేట్ ఖనిజం. 900 డిగ్రీల దగ్గర కాల్‌సైట్ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ బరువు కూడా వోలటైల్ లెక్కలో పడిపోయింది. తప్పు ల్యాబ్‌ది కాదు, నాది. అందుకని డైక్ దగ్గరి శాంపిళ్లకి కార్బొనేట్ కార్బన్ డయాక్సైడ్ విడిగా కొలవమని ముందే అడగండి, అడక్కపోతే ఎవరూ చెయ్యరు. యాసిడ్ వెంటనే పొంగలేదని కార్బొనేట్ లేదనుకోకండి, ఇనుము ఉన్న సైడరైట్‌లాంటివి చల్లటి యాసిడ్‌లో బద్ధకంగా ఉంటాయి, పొడి చేసి కాస్త వేడి చేస్తే కదులుతాయి.

ఇలాంటి తిరకాసు లేనిది మైక్రోస్కోపు. బొగ్గుని పాలిష్ చేసి, దానిలోని మెరిసే భాగం, విట్రినైట్, ఎంత కాంతిని తిప్పికొడుతోందో కొలుస్తారు. ఝరియా కోకింగ్ బొగ్గులో అది 1 శాతం పైన ఎక్కడో ఉంటుంది, డైక్ అంచు ఝామాలో 4, 5 దాకా ఎక్కుతుంది. అదే స్లైడులో బుడగల బొక్కలూ, మొజాయిక్ ఫ్లోరింగ్‌లాంటి గింజగింజల నమూనా కనబడితే ఇక వాదన లేదు, ఆ బొగ్గు ఒకసారి కరిగి గట్టిపడింది.

డబ్బు సంగతి

దేశంలో మేలురకం కోకింగ్ బొగ్గు అంటే ఝరియాయే. స్టీల్‌కి కావాల్సిన కోకింగ్ బొగ్గులో ఎక్కువ భాగం మనం ఆస్ట్రేలియా లాంటి చోట్ల నుంచి కొనుక్కుంటున్నాం. అలాంటిది ఉన్న కాస్త మంచి బొగ్గులోనూ కొంత ఝామా అయిపోవడం అంటే కడుపు మండే విషయమే. ఝామా కోక్ ఓవెన్‌కి పనికిరాదు, ఒకసారి ఉడికింది మళ్లీ మెత్తబడి అతుక్కోదు. బాయిలర్‌లో వేద్దామంటే త్వరగా అంటుకోదు. చిన్న ముక్క పట్టకారుతో పట్టుకుని మంట మీద పెట్టి చూడండి, మామూలు బొగ్గు పొగా మంటా ఇస్తుంది, ఇది మొండిగా ఎర్రబడి, తీయగానే నల్లబడుతుంది.

అలాగని మాగ్మా ఎప్పుడూ చెడే చేస్తుందనుకోకండి. ఇండొనేషియాలో దక్షిణ సుమత్రా బుకిత్ ఆసామ్ గనుల్లో బొగ్గు వయసులో చిన్నది, అసలైతే తక్కువ రకంగానే ఉండేది. పక్కనే ఆండసైట్ మాగ్మా దూరి కాచడంతో కొంత భాగం ఆంత్రసైట్ అనే మేలురకం దాకా ఎదిగింది, ధర కూడా దానితో పాటే. మెక్సికోలో సొనోరా దగ్గర బొగ్గు పొరలు ఇంకా గట్టిగా కాగి ఏకంగా గ్రాఫైట్ అయ్యాయి, పెన్సిళ్లలోకి పోయింది. తక్కువ రకం బొగ్గుకి దూరం నుంచి నిదానంగా తగిలిన వేడి వరం, కోకింగ్ బొగ్గుకి పక్కనే తగిలిన వేడి శాపం. మీ రిపోర్టులో "బొగ్గు నాణ్యత దెబ్బతింది" అని కళ్లు మూసుకుని రాసే ముందు మొదట అది ఏ రకం బొగ్గో చూసుకోండి.

ఉడికినప్పుడు వెళ్లిపోయిన గ్యాసు ఎక్కడికి పోయిందనే ప్రశ్న కూడా ఉంది. చిన్న డైకుల విషయంలో చాలా భాగం పక్క రాళ్లలోకి, పగుళ్లలోకి. పెద్ద ఎత్తున జరిగితే ఆకాశంలోకే. సైబీరియాలో 25 కోట్ల 20 లక్షల ఏళ్ల కింద తుంగుస్కా బొగ్గు పొరల్లోకి మాగ్మా దూరి, కొంత బొగ్గు పైకి లేచి గాలిలో మండింది కూడా. అక్కడి అగ్నిపర్వత రాళ్లలో మాడిన బొగ్గూ కట్టె ముక్కలూ దొరికాయని 2020లో ఒక పరిశోధన వచ్చింది. భూమి మీద ప్రాణులు అన్నిటికన్నా ఎక్కువగా అంతరించిపోయింది ఆ కాలంలోనే, ఆ గ్యాసులకి అందులో పెద్ద పాత్ర ఉందనేదే ఇప్పుడు ఎక్కువమంది మాట.

గనిలో పనిచేయబోయేవాళ్లకి

డైక్ ఎక్కడుందో బొగ్గు కోసే మిషన్ దాన్ని గుద్దుకునే దాకా తెలియకపోతే పళ్లు విరుగుతాయి, షిఫ్టు ఆగుతుంది. డోలరైట్‌కి అయస్కాంత గుణం బాగా ఉంటుంది కాబట్టి నేల మీద మాగ్నెటోమీటర్ పట్టుకుని అడ్డంగా గీతలు గీసినట్టు నడిస్తే డైక్ దారి దొరుకుతుంది. పాడైపోయి మెత్తబడిన లాంప్రోఫైర్ దానికి సరిగ్గా చిక్కదు. సిల్‌కయితే ఎక్కువగా బోర్‌హోల్ కోర్, అంటే బోరు వేసి బయటికి తీసిన రాతి కడ్డీ, మీదే ఆధారపడాలి. కోర్ బాక్సులో ఝామా వచ్చి మాగ్మా రాయి రాకపోతే సంబరపడకండి, సిల్ ఇంకా కొంచెం కిందో, డైక్ పక్కనో ఉండొచ్చు, ఇంకొన్ని మీటర్లు డ్రిల్ చేయించండి.

ఝామా ఉన్న చోట కప్పుని నమ్మొద్దు. ఇందాక ముచ్చటపడిన ఆ పెన్సిల్ కడ్డీలే సిల్ కింద నిలువుగా నిలబడి ఉంటాయి, కింద ఆధారం తీయగానే కట్ట విప్పినట్టు జారతాయి. డైక్ అంచు పగుళ్లలో నీళ్లు దాగి ఉంటాయి. డైక్ గోడలా అడ్డం నిలిచిన చోట అవతల వైపు గ్యాసు పోగై ఉండొచ్చు. అందుకే దాన్ని దాటే ముందు సన్నటి బోరు ముందుగా వేసి, గ్యాసూ నీళ్లూ చూసుకుని, అప్పుడు మనుషుల్ని పంపుతారు. గని ప్లాన్ మీద డైక్‌ని ఒక గీతగా గీసి వదిలేయకుండా, రెండు వైపులా ఝామా ఎంత దూరం ఉందో కొలిచి ఆ పట్టీ మొత్తాన్ని వేరే రంగులో వేయండి. రిజర్వు లెక్కలోంచి తీసేయాల్సింది ఆ పట్టీ అంతటినీ, గీతని ఒక్కదాన్నే కాదు.